జీతమిచ్చే చేయి, సరుకమ్మే చేయి

బజారులో కొనేవాడికి ఉన్న బలం ఒక్కటే: ధర నచ్చకపోతే పక్క కొట్టుకు వెళ్లగలగడం. బేరమాడటం, తూకం మళ్లీ చూపమనటం, పుచ్చిన పప్పు తిరిగి ఇచ్చేయటం, ఇవన్నీ ఆ ఒక్క బలం మీద ఆధారపడినవే. ముందుగా ఆ బలాన్ని తీసివేసి, ఆ తరువాత సరుకు అమ్మే వ్యాపారం చరిత్రలో చాలా కాలంగా ఉంది. గనిలోనో, మిల్లులోనో, తేయాకు తోటలోనో పనిచేసేవాడికి జీతమిచ్చే యజమానే బియ్యం, ఉప్పు, గుడ్డ, కల్లు కూడా అమ్ముతాడు. ఇచ్చిన జీతం అదే దారిన వెనక్కి వస్తుంది. ఇంగ్లండులో దీన్ని ట్రక్కు పద్ధతి అన్నారు. ఈ మాటకు మనకు తెలిసిన లారీతో సంబంధం లేదు. వస్తుమార్పిడి అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట నుంచి అది వచ్చింది.

తెలుగు విద్యార్థులు ఈ విషయం తెలుసుకోవలసిన అవసరం ఒకటి ఉంది. రంగం వెళ్లిన వారి గురించి, మలయా తోటలకు, అస్సాం తేయాకు తోటలకు వెళ్లిన మన పూర్వుల గురించి వలసకాలపు నివేదికలు చదివితే ఒక మాట పదే పదే కనిపిస్తుంది: వీరు దుబారా మనుషులు, తాగుబోతులు, అప్పులపాలైనవారు. ఆ మాటనే కొన్ని కుటుంబాలు తమ పెద్దల గురించి తామే చెప్పుకుంటూ వచ్చాయి. అప్పు నిజమే. అయితే ఆ అప్పు మనిషి గుణం నుంచి పుట్టిందా, ఆ కొట్టు ఏర్పాటు నుంచి పుట్టిందా అన్నది చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న.

ఇంగ్లండు అనుభవం

ఈ వ్యాపారం ఎంత పాతదో ఇంగ్లండు చట్టాలే చెబుతాయి. బట్టల పరిశ్రమలోని పనివారికి కూలి సరుకుల రూపంలో కాక డబ్బు రూపంలోనే ఇవ్వాలని 15వ శతాబ్దంలోనే అక్కడ చట్టం చేశారు. ఒకే విషయం మీద మళ్లీ మళ్లీ చట్టాలు వచ్చాయంటే అవి అమలు కాలేదని అర్థం. పారిశ్రామిక విప్లవ కాలంలో బొగ్గు గనులు, ఇనుప కొలుములు ఊళ్లకు దూరంగా వెలిశాయి. యజమాని ఇళ్లు కట్టించాడు, కొట్టు కూడా పెట్టాడు. తిండి సామాను అని అర్థమున్న పనివారి యాస మాటతో ఆ కొట్టును టామీ షాపు అన్నారు. డిజ్రేలీ 1845లో ప్రచురించిన ‘సిబిల్’ నవలలో అలాంటి కొట్టు వర్ణన ఉంది.

1831లో పార్లమెంటు అంతకు ముందున్న చట్టాలను కలిపి ఒక పెద్ద చట్టం చేసింది. చట్టంలో పేర్కొన్న పరిశ్రమలలో జీతం రాజ్యంలో చెల్లే నాణెంలోనే ఇవ్వాలి. ఆ డబ్బు ఏ కొట్టులో ఖర్చు పెట్టాలో యజమాని నిర్ణయించకూడదు. ఇంటి పనివారికి, వ్యవసాయ కూలీలకు మాత్రం ఈ రక్షణ లేదు. కాగితం మీద చూస్తే సమస్య తీరినట్టే. కానీ 40 ఏళ్ల తరువాత 1871లో ఒక కమిషన్ విచారణ జరిపి నివేదిక ఇచ్చినప్పుడు, స్కాట్లండులోను వేల్సులోను పాత కొట్లు నిక్షేపంగా నడుస్తున్నాయని తేలింది.

చట్టం ఉండగా ఇదెలా సాధ్యమైంది? జవాబు జీతం రోజులో ఉంది. యజమాని జీతం నాణెంలోనే ఇచ్చాడు, కానీ నెలకొకసారి ఇచ్చాడు. కూలి కుటుంబానికి నెల పొడుగునా చేతిలో డబ్బు ఉండదు. పది రోజులకే అడ్వాన్సు అడగవలసి వస్తుంది. అడ్వాన్సు తీసుకున్నవాడు అటు నుంచి అటే కంపెనీ కొట్టుకు వెళ్లాలన్నది రాయని నియమం. వెళ్లనివాడికి మరుసటిసారి అడ్వాన్సు దొరకదు. కొన్నిచోట్ల అడ్వాన్సు మీద రుసుము కూడా పట్టుకునేవారు. చట్టం డబ్బు రూపాన్ని చూసింది, డబ్బు చేతికొచ్చే తేదీని చూడలేదు.

షెట్లాండ్ దీవుల గురించి 1872లో వేరే నివేదిక వచ్చింది. అక్కడ గనులు లేవు, మిల్లులు లేవు. స్త్రీలు ఇంట్లో కూర్చుని ఉన్ని శాలువాలు అల్లి వర్తకుడికి ఇచ్చేవారు. వర్తకుడు డబ్బుకు బదులు తన కొట్టులోని తేయాకు, గుడ్డ ఇచ్చేవాడు. ఇంట్లో తిండిగింజలు లేని మనిషి ఆ తేయాకు పట్టుకుని రైతుల ఇళ్ల చుట్టూ తిరిగి, దాన్ని పిండికి మార్చుకోవలసి వచ్చేది. ఆమెను ఎవరూ కాపలా కాయలేదు, ఏ కంచె లోపలా పెట్టలేదు. ఆమె చేతిపని కొనేవాడు, ఆమెకు సరుకు అమ్మేవాడు ఒక్కడే కావడం సరిపోయింది. 1887లో చట్టాన్ని సవరించి దాదాపు శరీరశ్రమ చేసే వారందరికీ వర్తింపజేశారు.

ధర పెంచడం వల్ల యజమానికి ఒరిగేదేమిటో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. మన అణాల కాలపు ఉదాహరణే అనుకుందాం. కూలి నెల జీతం 12 రూపాయలు. అందులో 8 రూపాయలు కంపెనీ కొట్టులో ఖర్చవుతాయి. బజారులో 14 అణాలకు దొరికే సరుకు ఆ కొట్టులో రూపాయికి అమ్ముతారు. అంటే 8 రూపాయలకు అతనికి దక్కేది 7 రూపాయల సరుకే. పుస్తకంలో జీతం 12, అసలు జీతం 11. జీతం తగ్గించామని యజమాని ఎవరికీ చెప్పనవసరం లేదు, సమ్మె కూడా రాదు. కూలి మాత్రం తన సంపాదన ఎందుకు చాలటం లేదో తెలియక భార్య ఖర్చునో తన తాగుడునో నిందించుకుంటాడు. కొట్టు తెచ్చే లాభంలో ఈ తికమక కూడా ఒక భాగమే.

ఈ కాలంలోనే పనివారి వైపు నుంచి ఒక జవాబు వచ్చింది. 1844 డిసెంబరు 21న రాచ్‌డేల్ పట్టణంలో 28 మంది సభ్యులు కలిసి వెన్న, చక్కెర, పిండి, కొవ్వొత్తుల వంటి నాలుగైదు సరుకులతో తమ సొంత కొట్టు తెరిచారు. సహకారోద్యమానికి అది మూలమని మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. వారి నియమాలలో ఒకటి మాత్రం అంతగా గుర్తుంచుకోము. అక్కడ అరువు లేదు. పేదవారు పెట్టుకున్న కొట్టులో అరువు లేకపోవడం మొదట కఠినంగా తోస్తుంది. అరువు పుస్తకమే మనిషిని ఒక కొట్టుకు కట్టిపడేసే తాడని వారికి అనుభవంలో తెలుసు. లాభాన్ని ఎవరెంత కొన్నారో ఆ లెక్కన పంచుకున్నారు.

తీరం దాటిన తెలుగువారు

ఇక మన వారి సంగతికి వద్దాం. సముద్రం దాటి కూలికి వెళ్లిన తొలి బృందాలలో తెలుగువారున్నారు. 1828లో యానాం నుంచి కొద్దిమంది తెలుగు కూలీలు ఒప్పందం మీద, అప్పట్లో బూర్బన్ అని పిలిచిన రీయూనియన్ ద్వీపానికి వెళ్లారు. తరువాత గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి బర్మాకు పెద్ద ఎత్తున వలస సాగింది. రంగూనును మన వారు రంగం అన్నారు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో మన వారికి కోరంగీలన్న పేరు పడింది. గంజాం అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అందులో ఎక్కువ భాగం 1936లో ఒరిస్సాలో చేరింది. కనుక ఈ చరిత్రలో బరంపురం ప్రాంతపు తెలుగువారికి, ఒడియావారికి ఉమ్మడి భాగముంది.

రంగంలో పని మేస్త్రీ ద్వారా దొరికేది. ఓడ ఛార్జీ, ఇంటి దగ్గర వదిలి వెళ్లే నాలుగు డబ్బులు మేస్త్రీ అడ్వాన్సుగా ఇచ్చేవాడు. మిల్లు యజమాని కాంట్రాక్టరుకు, కాంట్రాక్టరు పెద్ద మేస్త్రీకి, అతను ముఠా మేస్త్రీకి డబ్బు ఇస్తే, మధ్యలో ఎవరి భాగం వారు మినహాయించుకున్నాక మిగిలింది కూలి చేతికి వచ్చేది. పని దొరకని రోజుల్లో తిండికి మళ్లీ మేస్త్రీయే అప్పు పెట్టాలి. ఇక్కడ కొట్టు ఉన్నా లేకపోయినా లెక్క ఒకటే. జీతమిచ్చే దారి, అప్పు పుట్టే దారి ఒకే మనిషి గుమ్మం ముందు నుంచి పోతున్నాయి.

ఈ అప్పుకు చట్టం కూడా అండగా నిలిచింది. 1859లో చేసిన 13వ నంబరు చట్టం ప్రకారం అడ్వాన్సు తీసుకుని పని మానేసిన పనివాడి మీద మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు. పనికి పొమ్మన్న ఉత్తర్వును కాదంటే జైలు. మామూలు బాకీదారు సివిల్ కోర్టులో తేల్చుకుంటాడు, కూలి మాత్రం నేరస్థుడవుతాడు. ఈ చట్టాన్ని రద్దు చేస్తూ 1925లో శాసనం వచ్చింది.

అస్సాం తేయాకు తోటలకు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా కూలీలు వెళ్లారు. అక్కడ కొన్ని తోటలు సొంత బిళ్లలు వాడాయి. ఇత్తడితోనో రాగితోనో చేసి, తోట పేరు ముద్రించిన బిళ్లలు అవి. వాటిలో కొన్ని ఇంగ్లండులోని బర్మింగ్‌హాం టంకశాలలో తయారయ్యాయి. మారుమూల ప్రాంతంలో చిల్లర నాణేలకు కరువుండటం ఈ బిళ్లలకు అసలు కారణం. ప్రతి బిళ్ల వెనుకా మోసముందని అనడం న్యాయం కాదు. కానీ ఫలితం చూడండి. రాణీగారి రూపాయి ఎక్కడైనా చెల్లుతుంది. తోట బిళ్ల ఆ తోటలోనో, దాన్ని నమ్మే దగ్గరి బజారులోనో తప్ప చెల్లదు. అది చేతిలో ఉన్నవాడు ఎంత కూడబెట్టినా దానితో రైలెక్కి ఇంటికి రాలేడు.

మలయా తోటలలో ఇదే కథ కల్లు రూపంలో సాగింది. తమిళులతో పాటు తెలుగువారు కూడా కంగాణీల వెంట అక్కడి రబ్బరు, కొబ్బరి తోటలకు వెళ్లారు. పెరాక్ రాష్ట్రంలోని బాగన్ దాతో ప్రాంతంలో నేటికీ తెలుగు కుటుంబాలున్నాయి. కూలీలను తెచ్చిన కంగాణీయే చాలాచోట్ల వడ్డీకిచ్చేవాడు, కొట్టు నడిపేవాడు. దానికి తోడు ప్రభుత్వ లైసెన్సుతో తోటలోనే కల్లు దుకాణం ఉండేది. ఊళ్లో దొరికే సారా కంటే ఇది నయమని, వచ్చే లాభం కూలీల సంక్షేమానికే వెళుతుందని సమర్థించేవారు. పగలంతా పాలు గీసిన మనిషికి సాయంత్రం వెళ్లగలిగిన ఒకే చోటు అదైతే, అక్కడికి వెళ్లినందుకు అతన్ని తాగుబోతు అని రాసుకోవడం సులువు.

ఆ కూలీలు ఈ ఏర్పాటును ఎలా అర్థం చేసుకున్నారో తెలుసుకోవడానికి 1941 నాటి క్లాంగ్ సమ్మె మంచి ఆధారం. ఆర్.హెచ్. నాథన్ నాయకత్వంలో తోట కూలీలు పెట్టిన కోరికల పట్టికలో కూలి పెంపు ఉంది, పిల్లల చదువు, వైద్యం ఉన్నాయి. కల్లు దుకాణాలు మూసివేయాలన్నది కూడా ఉంది. బంధుమిత్రులు స్వేచ్ఛగా తోటలోకి వచ్చిపోనివ్వాలన్నది మరొకటి. దొర ఎదురైతే సైకిలు దిగనవసరం లేకుండా ఉండాలన్నది ఇంకొకటి. తోట ఎవరు రావాలో నిర్ణయిస్తుంది, ఎలా నడవాలో నిర్ణయిస్తుంది, ఏమి తాగాలో కూడా నిర్ణయిస్తుంది. ఈ మూడింటినీ ఒకే కాగితం మీద పెట్టినవారిని అమాయకులనో దుబారా మనుషులనో అనలేము. సైన్యాన్ని దించి ఆ సమ్మెను అణచివేశారు. నాథన్‌ను ఇండియాకు పంపివేశారు.

చట్టం చూసినవి, చూడనివి

ఇదే పోరాటం మరో ఖండంలోనూ జరిగింది. మెక్సికోలోని రియో బ్లాంకోలో 1907 జనవరి 7న బట్టల మిల్లు కార్మికులు కంపెనీ కొట్టు మీద దాడి చేశారు. సైనికుల కాల్పుల్లో పలువురు చనిపోయారు. పదేళ్ల తరువాత 1917లో వచ్చిన ఆ దేశ రాజ్యాంగం 123వ అధికరణంలో జీతం చెల్లుబాటు నాణెంలోనే ఇవ్వాలని, ఫలానా కొట్టులోనే కొనాలనే షరతు చెల్లదని రాసింది. ఇది పాత కథేననుకోనక్కరలేదు. 2008లో అక్కడి సుప్రీంకోర్టు, వాల్‌మార్ట్ సంస్థ జీతంలో కొంత భాగాన్ని తన దుకాణాల్లో మాత్రమే చెల్లే కూపన్లుగా ఇవ్వడం అదే అధికరణానికి విరుద్ధమని తీర్పు చెప్పింది.

మన దేశంలో 1929లో నియమించిన రాయల్ కమిషన్ 1931లో నివేదిక ఇచ్చింది. విట్లీ కమిషన్‌గా అది ప్రసిద్ధం. కార్మికుల అప్పుల గురించి రాస్తూ జీతాల మధ్య గడువు తగ్గించాలని కూడా అది సూచించింది. దాని ఫలితంగా వచ్చిన 1936 నాటి జీతాల చెల్లింపు చట్టం నాణెం, నోటు అన్న నియమంతో ఆగలేదు. జీతం గడువు నెలకు మించరాదు. వెయ్యి మందికి లోపు పనిచేసే చోట గడువు ముగిసిన 7వ రోజు లోపల, అంతకు మించితే 10వ రోజు లోపల చెల్లించాలని ఆ చట్టం నిర్దేశించింది. ఇంగ్లండు 1831లో మరచిన తేదీ ఇక్కడ చట్టంలోకి ఎక్కింది.

యజమాని పెట్టిన కొట్టు ప్రతిదీ చెడ్డదని దీని అర్థం కాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ధరలు మండిపోయినప్పుడు రైల్వేలు తమ ఉద్యోగులకు ధాన్యం దుకాణాలు తెరిచి తక్కువ ధరకు సరుకులిచ్చాయి. రైల్వే కాలనీలలో పెరిగిన పెద్దలకు అవి గుర్తుండవచ్చు. 1949లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 95వ ఒడంబడిక ఈ తేడాను గుర్తించింది. కొట్టు ఉండవచ్చు, అందులోనే కొనమని ఒత్తిడి ఉండకూడదు. వేరే కొట్టు అందుబాటులో లేనిచోట ధర న్యాయంగా ఉండాలి, లేదా కొట్టును లాభం కోసం నడపకూడదు.

ఇంతవరకు చూసిన వాటిని కలిపితే ఏ కంపెనీ కొట్టునైనా పరీక్షించడానికి మూడు ప్రశ్నలు మిగులుతాయి. జీతం ఎన్ని రోజులకొకసారి చేతికి వస్తుంది? వేరే కొట్టు నడిచి వెళ్లేంత దూరంలో ఉందా? బాకీ ఉండగా మనిషి పని మానుకుని వెళ్లిపోగలడా? ఈ మూడింటికీ జవాబు కూలికి అనుకూలంగా ఉంటే అది సదుపాయం. మూడూ ప్రతికూలమైతే అక్కడి ధరల పట్టిక ఎంత న్యాయంగా కనిపించినా అతను కొనేవాడు కాడు, బందీ.

పుస్తకం చేతులు మారింది

ఈ కథను పూర్వుల కష్టంగా చెప్పి ముగించడం సులభం. అది సగమే నిజం. ఒరిస్సా నుంచి దూరప్రాంతాలకు కూలీలను తీసుకుపోయే పద్ధతిని దాదన్ అంటారు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో కేంద్రం చేసిన చట్టానికి ఈ పద్ధతే ప్రేరణ. కూలీలను కుదిర్చేవారిని సర్దారులు, ఖాతాదారులు అంటారని, నెలనెలా లెక్క తేలుస్తామన్న మాట వారు సాధారణంగా నిలుపుకోరని ఆ బిల్లు ఉద్దేశాలలోనే రాసుకున్నారు. ఖాతా పుస్తకం పట్టినవాడికే ఆ పేరు రావడం గమనించదగ్గది.

పశ్చిమ ఒడిశాలోని బలాంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఇటుక బట్టీల పనికి తెలంగాణకు, ఆంధ్రకు వస్తున్నాయి. బయలుదేరే ముందే సర్దారు అడ్వాన్సు ఇస్తాడు. బట్టీ దగ్గర వారం వారం తిండి ఖర్చుకు కొంత ఇస్తారు. అసలు లెక్క తేలేది సీజను చివర, వానలు పడే ముందు. కాల్చిన ఇటుకల లెక్క, అడ్వాన్సు లెక్క, తిండి ఖర్చు లెక్క, మూడూ యజమాని పుస్తకంలోనే ఉంటాయి. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద ఇలాంటి బట్టీల నుంచి కూలీలను అధికారులు విడిపించిన సందర్భాలున్నాయి. రంగంలో మన వారు ఏ వరుసలో నిలబడ్డారో ఆ వరుసలో ఇప్పుడు ఒడియా కుటుంబం ఉంది. పుస్తకం తెలుగులో ఉంది.

షోలాపూరులో, బరంపురంలో, యానాంలో, 2001లో మూతపడిన కోలారు బంగారు గనుల కాలనీలలో చదువుకుంటున్న మన విద్యార్థులకు ఒక మనవి. మీ ఇళ్లలో పాత ట్రంకు పెట్టెల అడుగున జీతం చీటీలు, కొట్టు పద్దులు, మేస్త్రీ రాయించుకున్న నోట్లు, తోట బిళ్లలు ఉంటే పారేయకండి. వాటిలో మూడు అంకెలు వెతకండి: జీతం తేదీ, సరుకు ధర, మిగిలిన బాకీ. ఆ మూడూ పక్కపక్కన పెట్టి చదివితే, తాతగారు తాగి చెడ్డారన్న మాట ఎంతవరకు నిజమో మీకే తెలుస్తుంది. ఆ తరువాత మీ ఊరి శివార్లలోని ఇటుక బట్టీ దగ్గరకు వెళ్లి, అక్కడ జీతం ఏ తేదీన ఇస్తారో అడగండి.